రాతబల్ల నుండి వెలుగుబల్ల వరకు

రెండేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు మమ్ము బెంగుళూరికి తోడుకొనిపోయి, తాను పనిచేయు చోట ప్రదర్శనకుంచిన ఒక బల్లను చూపించెను. దాని పైభాగమంతయు అద్దము. ఆ అద్దమే తెర. వ్రేలితో తాకి జరిపిన పటములు జరుగును. రెండు వ్రేళ్లు ఎడము చేసినచో పెద్దవగును. ఇట్టి సాధనమునకు తెలుగున ఇంకను ఒక పేరు స్థిరపడలేదు గావున ఈ వ్యాసమున దానిని వెలుగుబల్ల యని వ్యవహరింతుము. మేము వంగి చూచుచు, అలవాటు చొప్పున కళ్లజోడు పెట్టెను దానిపై నుంచితిమి. తక్షణమే ఎవరును అడుగని పటములు రెండు మూడు తెరచుకొని, పెట్టె చుట్టును గిరగిర తిరుగసాగెను. అబ్బాయి పెట్టెను తీసి మా చేతికిచ్చి, బల్ల అంచున అంటించిన చీటీని చూపెను. బల్లపై వస్తువులు ఉంచరాదని దానియందు వ్రాసియుండెను.

ముప్పది రెండు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసిన మాకు ఆ చీటీ మిక్కిలి వింతగా తోచినది. వస్తువులు ఉంచరానిచో అది బల్ల యెట్లగును? ఈ ప్రశ్న వెంటబడి, అబ్బాయి తెచ్చియిచ్చిన వ్యాసములను అతని చేతనే అర్థము చెప్పించుకొని, మాకు ముందే తెలిసిన కచేరి సంగతులతో జోడించి చూచితిమి. అందు తేలిన చరిత్రను ఈ సంచిక చదువరులకు మనవి చేయుచున్నాము.

మన సీమలో వ్రాతపని పాతదే కాని, వ్రాతకొరకు కాళ్లు గల బల్ల పాతది కాదు. మత్తూరు ఉన్న ఈ ప్రాంతము పూర్వము బారామహలు, అనగా పన్నెండు కోటల సీమ. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన ఇది టిప్పుసుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. హోసూరు వైపు నేల 1799 తరువాతనే కంపెనీకి వచ్చినది. బారామహలునకు అధికారిగా వచ్చినవాడు కెప్టెన్ అలెగ్జాండరు రీడు. అతని సహాయకులలో ఒకడు తామస్ మన్రో. పొలము పొలమును కొలిచి, రైతు రైతుతో లెక్క తేల్చుకొను రైతువారీ పద్ధతికి పునాది ఇచ్చటనే పడినది. పొలము పొలమునకు ఒక లెక్క యన్నచో ఎన్ని కాగితములో చదువరులే ఊహింపవచ్చును. ఆ కాగితములలో కొంతభాగమును మద్రాసు ప్రభుత్వమువారు 20వ శతాబ్దపు ఆరంభమున బారామహలు రికార్డులను పేర అచ్చువేయించిరి.

ఇంత లెక్కకును ఆధారము గ్రామ కరణములు. వారు నేలపై చాపమీద కూర్చుండి వ్రాసెడివారు. మైసూరు గాలి సోకిన ఈ సీమలో కాగితముతోపాటు కడితము కూడ వాడుకలో నుండెను. గుడ్డకు చింతగింజల అంబలియు బొగ్గుపొడియు కలిపి పట్టించి, ఆరనిచ్చి, మడతలు పెట్టినచో అది నల్లని పుస్తకమగును. దానిపై బలపముతో వ్రాసి, అక్కరతీరిన తుడిచి, మరల వ్రాయవచ్చును. తుడిచి వ్రాయదగిన తెర ఈ కాలపువారు క్రొత్తగా కనుగొన్నదని తలచువారు కడితమును ఒకమారు తలచుకొనుట మంచిది. కరణము ఉద్యోగములను తమిళనాడు ప్రభుత్వము 1980లో రద్దుచేసెను. చాపమీది వ్రాతకు అంతకు చాలకాలము ముందే నూకలు చెల్లినవి.

మా మేనమామ మత్తూరులో ఒక మండీలో లెక్కలు వ్రాయుచుండెను. ఆయన ముందు ఏటవాలు మూత గల వ్రాతపెట్టె యుండెడిది. బాల్యమున మేము ఆ మూతపై గోలీలు పెట్టి అవి జారుట చూచి ఆడుకొంటిమి. ఇప్పుడు ఆలోచింపగా ఆ వాలులో ఒక యుక్తి కలదు. వ్రాయుచున్న పుస్తకము తప్ప మరేదియు దానిపై నిలువదు. తాంబూలము పెట్టినను, చెంబు పెట్టినను జారిపోవును. కావున సామానంతయు చాపమీదికి దిగెను. కుడిప్రక్క ఆనాటి చీటీలు, ఎడమప్రక్క బాకీల చీటీలు, తగవుపడిన చీటీ మాత్రము ఆయన మోకాలి క్రింద. తగవు తీరువరకు ఆ మోకాలు ఎత్తెడివాడు కాడు. ఎవరైన వచ్చి చాప దులిపిన ఆయనకు పట్టరాని కోపము వచ్చుచుండెను.

తెల్లదొరల కచేరీలతోపాటు సమతలపు బల్ల వచ్చినది. దానితో సామాను బల్లమీదికి ఎక్కినది. ఆ దేశములలోనే ఈ సామాను విషయమై రెండు మతములుండెను. అమెరికాలో ఇండియానాపొలిస్ నగరవాసి విలియం వూటన్ 1874లో ఒక బల్లకు హక్కుపత్రము పొందెను. అది అలమరవలె తలుపులు తెరచుకొనును. లోన నూటికి మించిన చిన్న చిన్న అరలు. సాయంకాలము తలుపులు మూసి తాళము వేసిన లోని గందరగోళము లోననే యుండును. తరువాతి తరమువారు దీనిని నిరసించిరి. అరలలో కాగితము దాగును, దాగిన కాగితము నిలిచిపోవును అని వారి వాదము. నిలువు ఫైళ్లుంచు పెట్టెలు 1893 చికాగో ప్రదర్శన నాటినుండి ప్రచారమునకు రాగా, కాగితము పెట్టెలోనికి పోవలె, బల్ల పైభాగము బోడిగా నుండవలె నను సిద్ధాంతము బలపడెను. ఈ సిద్ధాంతమే నేటికిని అధికారుల మనస్సులనేలుచున్నది.

మద్రాసు రాజధాని కచేరీలలో పని చేసినవారికి ఆ క్రమము తెలియును. తపాలు వచ్చును, దానికి సంఖ్య పడును, పర్సనల్ రిజిస్టరులో ఎక్కును, నోటు ఫైలు ఒకటి, కరెంటు ఫైలు ఒకటి, ట్యాగుతో కుట్టబడును. వెంటనే తేలనిదానికి కాల్ బుక్కు కలదు. ఆ ఏర్పాటులో తప్పేమియు లేదు. దానిని రూపొందించినవారు తెలివిగలవారు. అయినను రిజిస్టరునకు తెలియనిది బల్లకు తెలియునని చెప్పుటకు మా స్వానుభవమొకటి వ్రాయవలసియున్నది.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. మేము పనిచేయుచున్న కచేరికి తనిఖీ రానుండెను. సాయంకాలము 5 గంటల తరువాత ఏ బల్లపైనను ఒక్క కాగితము కనబడరాదని ఆజ్ఞ అయ్యెను. శనివారమునాడు నౌకర్లు వచ్చి బల్లలపై నున్నదంతయు మూటలు గట్టి బీరువాలలోనికి చేర్చిరి. మా కళ్లజోడు పెట్టె క్రింద ఒక వృద్ధురాలి కుటుంబ పింఛను కాగితములుండెను. ఆమె సోమవారమున వారసత్వపు ధ్రువపత్రము తెచ్చెదనని చెప్పి పోయినది. దానిని జతచేసి పైకి పంపవలెనని మేము ఆ పెట్టె క్రింద ఉంచితిమి. సోమవారము ఆమె వచ్చినది; పత్రము తెచ్చినది; కాగితములు కానరాలేదు. రిజిస్టరు చూడగా అవి మా వద్దనే యున్నట్లు కలదు. అంతకుమించి ఏమియు లేదు. అవి దొరకుటకు ఏడు నెలలు పట్టెను. వేరొక విభాగపు పాత కట్టలో దొరకినవి. ఆమె ఆ మధ్యకాలమున తొమ్మిది మారులు బస్సెక్కి వచ్చినది. మమ్ము ఒక్క పరుషవాక్యమైనను అనలేదు. "పోనీలే నాయనా, మళ్లా వస్తాను" అని పోవుచుండెడిది. బాకీ మొత్తము చేతికందులోపల తన పాడియావును అమ్ముకొన్నదని మాకు తరువాత తెలిసెను.

తప్పు ఆజ్ఞదే యని మేము చాలకాలము చెప్పుకొంటిమి. నిజమునకు సోమవారపు సంగతిని రిజిస్టరులో ఎక్కింపని తప్పు మాదే. ఎక్కింపకపోవుటకు కారణము కళ్లజోడు పెట్టె చాలునను ధైర్యము. ఆ ధైర్యము వెఱ్ఱిదికాదని మాకు తెలుపువాడు ఎవడును ఆనాడు లేడు.

తెలిపినవాడు తామస్ మలోన్ అను అమెరికా పండితుడని ఇప్పుడెరిగితిమి. ఆయన 1983లో, ఉద్యోగులు తమ బల్లలను ఎట్లు అమర్చుకొందురో వారి గదులకు పోయి విచారించి ఒక వ్యాసము ప్రకటించెను. పేరుపెట్టి వరుసనుంచినవి ఫైళ్లు. పేరులేక పోగుపడినవి కుప్పలు. కుప్ప యనునది కేవలము సోమరితనపు ఫలము కాదనియు, కాగితమును వెదకుకొనుటకే కాక, చేయవలసిన పనిని జ్ఞప్తికి తెచ్చుటకు కూడ బల్ల ఉపయోగపడుననియు ఆయన తేల్చెను. కంటికి కనబడుచుండుటయే కాగితము చేయు హెచ్చరిక. మా మేనమామ మోకాలికి ఇంతకంటె గొప్ప భాష్యము దొరకదు.

మలోన్ ఈ పరిశోధన చేసినది జిరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున. అచ్చటి వారే అంతకు పదేండ్ల ముందు, 1973లో, ఆల్టో యను యంత్రమును నిర్మించిరి. 1981లో అదే కంపెనీవారు స్టార్ అను యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. దాని తెరపై కచేరి బల్ల బొమ్మగా చూపబడెను; కాగితములు, ఫైళ్లు, తపాలు బుట్టలు, అన్నియు బొమ్మలే. నేడు కంప్యూటరు వాడువారందరును డెస్కుటాపు అనునది ఆ బొమ్మబల్లనే. ఆ విధముగా బల్ల అద్దములోనికి పోయెను. అసలు బల్ల మాత్రము ఎక్కడికిని పోలేదు. అద్దపుపెట్టెను కూడ తన నెత్తిన మోయవలసివచ్చెను!

బల్లయే తెర కావలెనను తలంపు దీనికంటె పాతది. 1945 జులైలో వన్నెవర్ బుష్ అను శాస్త్రజ్ఞుడు మెమెక్సు అను పేర ఒక ఊహాయంత్రమును వర్ణించెను. అది బల్ల ఆకారముది. పైన ఏటవాలు తెరలు; ప్రక్కన పారదర్శకమైన పలక. చేతివ్రాత కాగితమును ఆ పలకపై నుంచి మీట నొక్కినచో దాని ఛాయాచిత్రము లోన చేరును. అనగా బల్లపై వస్తువు పెట్టుట ఆయన మతమున దోషము కాదు; అదియే పనికి మొదలు. ఆ యంత్రము నిర్మింపబడలేదు.

నిర్మించి చూపినవాడు పియర్ వెల్నరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జిరాక్సువారి శాఖయందు పనిచేయుచు, 1991లో డిజిటల్ డెస్కును లోకమునకు తెలిపెను. ఆయన వాదము మాకు మిక్కిలి నచ్చినది. ఉద్యోగికి రెండు బల్లలున్నవి. ఒకటి కాగితపుది, ఒకటి అద్దములోనిది. అందరును అద్దములోనిదానిని అసలు బల్లవలె చేయజూచుచున్నారు. అసలు బల్లకే అద్దపు శక్తి ఏల ఈయరాదు? కావున ఆయన సాధారణమైన బల్ల తీసికొని, దాని పైన ఎత్తున ఒక ప్రొజెక్టరును, కెమేరాను వ్రేలాడదీసెను. వెలుగు పైనుండి బల్లపై పడును. కాగితముపై అచ్చుపడిన అంకెను వ్రేలితో చూపినచో, కెమేరా దానిని చదివి, బల్లపై వెలుగుతో గీయబడిన లెక్కలయంత్రమున వేయును. అంకె స్పష్టముగా కనబడుటకు దగ్గరనుండి చూచు రెండవ కెమేరా కూడ అమర్చెను. వ్రేలు గాలిలో నున్నదో, బల్లను తట్టెనో తెలియుటకు బల్ల అడుగున ఒక మైక్రోఫోను. చిల్లర బిల్లులు కూడి కూడి కన్నులు కాయలుకాచిన గుమాస్తాకు ఆ బల్ల ఎంత వరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను వెల్నరు బల్ల ఎరిగినది కాగితమునే. మనబోటివారి బల్లపై కాగితముతోపాటు కాఫీగ్లాసు, జిగురుసీసా, టిఫిను డబ్బా, తాళపుచెవుల గుత్తి ఉండును. ఇవి వెలుగుబల్లకు కలిగించు చిక్కులు ఒకటి కావు. వెలుగు పైనుండి పడినచో గ్లాసు నెత్తిపై అక్షరములు వంకరలు పోవును; వెనుక నీడ పడును. తెర అడుగుననే యున్నచో గ్లాసు క్రిందిది మరుగుపడును. అంతకంటె చెరుపు, గ్లాసును చూచి బల్ల వ్రేలనుకొనుట. మా కళ్లజోడు పెట్టెకు జరిగిన మర్యాద ఇదియే.

ఈ మూడవ చిక్కును గుర్తించి విడదీసినవారు అమెరికాలో మిత్సుబిషి కంపెనీవారి పరిశోధనాలయమునకు చెందిన పాల్ డీట్జ్, డారెన్ లే యనువారు. 2001లో వారు వెల్లడించిన డైమండ్ టచ్ అను బల్లకు ఉండవలసిన లక్షణములను వ్రాయుచు, బల్లపై విడిచిన వస్తువులు పనికి అడ్డు కారాదని ఒక లక్షణముగా చేర్చిరి. ఇట్టి మాట ఒక యంత్రనిర్మాత కలమునుండి వెలువడుట చూచి మేము ఆ పంక్తిని అబ్బాయిచేత రెండుమారులు చదివించుకొంటిమి. వారి ఉపాయము చమత్కారమైనది. బల్ల పైపొర క్రింద తీగలవంటివి అడ్డముగను నిలువుగను పరచి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క క్షీణమైన విద్యుత్సంకేతమును పంపుదురు. మనిషి తాకినచో ఆ సంకేతము అతని శరీరముగుండ పోయి, అతడు కూర్చున్న కుర్చీలోని గ్రాహకమును చేరును. దానివలన తాకిన చోటేకాక తాకిన మనిషి యెవరో కూడ తెలియును. గ్లాసు కుర్చీలో కూర్చుండదు గదా! కావున గ్లాసును యంత్రము లెక్కచేయదు. వెలుగు మాత్రము పైనుండి పడునదే గావున గ్లాసు నెత్తిపై అక్షరములు పడుట తప్పలేదు.

2007 మే నెలలో మైక్రోసాఫ్టువారు సర్ఫేసు అను వెలుగుబల్లను ప్రకటింపగా లోకమంతయు దానిని వినెను. 30 అంగుళముల పైభాగము. అడుగున దాగిన ప్రొజెక్టరు. అదృశ్యమైన పరారుణ కాంతిలో పైకి చూచు ఐదు కెమేరాలు. ఆ బల్ల వస్తువులను కొన్నిటిని గుర్తుపట్టును. కాని చుక్కల గుర్తుగల చీటీ అడుగున అంటించినవాటినే. ముందుగా పరిచయపత్రము లేని వస్తువు దానికి పరాయిది. పదివేల డాలర్ల ప్రాంతపు ఖరీదుతో అది హోటళ్లకు, దుకాణములకు పోయినది కాని గుమాస్తాల గదులకు రాలేదు.

అద్దము క్రింద మరుగుపడుట అను చిక్కును గురించి చెప్పుకోదగిన పని ఐరోపాలో జరిగినది. స్విట్జర్లండులోని జ్యూరిక్ విద్యాలయమున డేనియల్ కాటింగ్, మార్కస్ గ్రాస్ అనువారు 2006లో, తెరపై చూపబడునది చతురస్రముగనే ఏల ఉండవలెనని ప్రశ్నించిరి. వారి బల్లపై కెమేరా సామానును కనిపెట్టును. చూపవలసినది బుడగవలె ఆకారము మార్చుకొని ఖాళీ చోట నిలుచును. మడిలో పారించిన నీరు రాతిని చుట్టుకొని పోవుటను మన రైతులు నిత్యము చూచునదే. పటములకు ఈ పద్ధతి చక్కగా నుండును. అంకెల పట్టికకు పనికిరాదని మా అభిప్రాయము. వంగిన వరుసలో రూపాయల క్రింద పైసలు, పదుల క్రింద ఒకట్లు నిలువవు; కూడిక తప్పును.

2012లో జపానుదేశీయులు కొందరు వస్తువు చుట్టును ఒక పట్టావంటి గీతను చూపి, అడుగుననున్న పటములను దాని వెంట జరుపుకొను పద్ధతి ప్రకటించిరి. మరుసటి సంవత్సరము జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరమున ఖలీల్‌బేగీ యను పరిశోధకుడు సహచరులతో కలసి, వస్తువు క్రింద ఏమి దాగినదో ఆ వస్తువు అంచుననే జాడ చూపు ఏర్పాటు చేసెను. మా కిది శ్రేష్ఠమని తోచినది. దాగినదానిని లాగి వేరుచోట పడవేయుట కాదు. ఇచ్చట ఒకటి దాగియున్నదని చెప్పుట మాత్రమే.

మన పొరుగున బెంగుళూరిలోని పరిశోధకులు వేరొక దారి తొక్కిరి. 2010లో వెలువడిన వారి వ్యాసము పల్లెల పొదుపు సంఘముల లెక్కలను గూర్చినది. వారి సాధనమున అద్దముపై వ్రాయనక్కరలేదు. మామూలు కాగితపు పుస్తకమునే ఒక పలకపై నుంచి కలముతో వ్రాసిన చాలును; పలక ఆ వ్రాతను గ్రహించి, లెక్క తప్పినచో అప్పుడే తెలుపును. పుస్తకము పుస్తకముగనే సభ్యుల చేతనుండును. వూటను అరలకంటెను, సర్ఫేసు ఐదు కెమేరాలకంటెను ఇది మా సీమ కరణములకు ఎక్కువ నచ్చియుండును.

ఇంకొక సంగతి చెప్పవలెను. 2012 జూనులో మైక్రోసాఫ్టువారు సర్ఫేసు అను పేరును బల్లనుండి తీసి, చేతపట్టుకొను పలకకు పెట్టిరి. బల్లకు పిక్సెల్ సెన్సు అని వేరు పేరు వచ్చినది. ఒడిలో పట్టు పలకపై ఎవరును గ్లాసు పెట్టరు గావున అచ్చట ఈ చిక్కే లేదు. పని మరల బల్లనుండి ఒడికి, కడితము ఉన్నచోటికి వచ్చెననుకొంటిమి.

ఈ వ్యాసము చిత్తు వ్రాయుచున్న దినములలో అబ్బాయి సెలవుకు మత్తూరు వచ్చెను. వారు క్రొత్తగా ఒక వెలుగుబల్లను రూపొందించుచున్నారట. గుమాస్తా బల్లపై ఏమేమి యుండునో పట్టిక వ్రాసియిమ్మని మమ్మడిగెను. కళ్లజోడు పెట్టె, గ్లాసు, పేపరువెయిటు, గుండుసూదుల డబ్బీ, ట్యాగుల కట్ట, స్టాంపు ప్యాడు, జిగురుసీసా, తాళపుచెవులు, మందుల పొట్లము అని వ్రాసియిచ్చితిమి. అతడు చదివి, "వీనిలో దేని క్రిందిది యంత్రము వేరుచోటికి జరుపవచ్చును పెద్దనాయనా?" అని అడిగెను. గ్లాసు క్రిందిది జరుపవచ్చుననియు, పేపరువెయిటు క్రిందిది జరుపరాదనియు, కళ్లజోడు పెట్టె క్రిందిది అడుగక ముట్టరాదనియు చెప్పితిమి. ఏది ఊరక పెట్టినదో, ఏది జ్ఞాపకమునకు పెట్టినదో యంత్రమునకెట్లు తెలియునని అతడు మరల అడిగెను. మేము కొంతసేపు ఆలోచించి, గ్లాసు వచ్చును, పోవును. పెట్టె రాత్రి కూడ అచ్చటనే యుండును గావున ఎంతకాలముగా నున్నదో చూచుకొమ్మని చెప్పితిమి. అతడు దానిని పట్టిక అడుగున వ్రాసికొని, కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను.